విత్తన ప్యాకెట్ ధర ఎవరు రాస్తారు? గద్వాల చేను నుంచి ఢిల్లీ దాకా వ్యాపార సంఘాల లాబీయింగ్

ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు వైపు వెళ్తే పొద్దు పొడవకముందే చేలల్లో కూలీలు కనిపిస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు గిల్లి పెడతారు, తెల్లవారి మగ పూల పుప్పొడి వాటికి అద్దుతారు. దీన్నే ఇక్కడి జనం క్రాసింగ్ అంటారు. ఒక్కో పువ్వునీ చేత్తో ముట్టుకోవాల్సిందే. మిషన్‌తో అయ్యే పని కాదు. ఇట్లా తయారైన హైబ్రిడ్ పత్తి విత్తనమే ప్యాకెట్లలోకి ఎక్కి దేశమంతా పోతుంది. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్యనున్న ఈ నడిగడ్డ దేశంలో పత్తి విత్తనం పండించే ముఖ్యమైన ప్రాంతాల్లో ఒకటి.

కానీ ఆ ప్యాకెట్ ఎంతకు అమ్మాలి, అందులో టెక్నాలజీ కంపెనీకి ఎంత పోవాలి, విత్తనం ఫెయిలైతే ఎవరు బాధ్యులు అనేవి గద్వాలలో తేలే విషయాలు కావు. అవి ఢిల్లీలోని వ్యవసాయ శాఖలో, కోర్టుల్లో, పార్లమెంటరీ కమిటీల్లో తేలుతాయి. అక్కడ గట్టిగా మాట్లాడేది ఎవరు? ఎక్కువసార్లు జాతీయ స్థాయి వ్యాపార సంఘాలే. ఈ సంఘాలు ఎట్లా పనిచేస్తాయి, వాటి మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతు జేబు దాకా ఎట్లా వస్తుంది అన్నది తెలుసుకోవడం అవసరం.

లాబీయింగ్ అంటే లంచం కాదు

మన దగ్గర లాబీయింగ్ అనగానే సూట్‌కేసులు గుర్తుకొస్తాయి. అసలు అర్థం అది కాదు. ప్రభుత్వం ఒక చట్టం, పన్ను లేదా ధర నిర్ణయించే ముందు తమకు అనుకూలంగా ఉండేలా ఒప్పించే ప్రయత్నమే లాబీయింగ్. వినతిపత్రం ఇవ్వడం, మంత్రిని కలవడం, లెక్కలతో నివేదిక తయారు చేసి అధికారులకు పంపడం, కమిటీ ముందు వాదన వినిపించడం, పత్రికల్లో వ్యాసాలు రాయించడం, చివరికి కోర్టుకు వెళ్లడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. రైతు సంఘం కలెక్టరేట్ ముందు ధర్నా చేసి వినతిపత్రం ఇచ్చినా అదీ ఒక రకం ఒత్తిడే. తేడా ఎక్కడ ఉందంటే, ఒకరు గేటు బయట నిలబడి మాట్లాడతారు, ఇంకొకరు లోపల కుర్చీలో కూర్చుని మాట్లాడతారు.

ఈ పని కొత్తది కాదు. అసోచామ్ 1920లో పుట్టింది. ఫిక్కీ 1927లో జి.డి. బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ చొరవతో ఏర్పడింది. ఇప్పటి సీఐఐ మూలాలు 1895 నాటివి. 1944లో పెద్ద పారిశ్రామికవేత్తలు స్వతంత్ర భారతానికి ఆర్థిక ప్రణాళిక ఎట్లా ఉండాలో 'బాంబే ప్లాన్' పేరుతో ముందే రాసి పెట్టారు. అంటే ప్రభుత్వానికి కాగితం తయారు చేసి ఇచ్చే అలవాటు స్వాతంత్ర్యం కన్నా పాతది. ఇవి అన్ని రంగాల తరఫున మాట్లాడే సంఘాలు. వీటి కింద ఒక్కో సరుకుకు ఒక్కో సంఘం ఉంటుంది. విత్తనాలకు, బట్టల మిల్లులకు, నూనె మిల్లులకు వేర్వేరు. మన మూడు జిల్లాల మీద నేరుగా ప్రభావం చూపేవి ఇవే.

ఒక ప్యాకెట్ చుట్టూ ఇరవై ఏళ్ల పోరు

బీటీ పత్తికి కేంద్రం 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయల పైనే ఉండేది. అందులో పెద్ద భాగం, ఒక దశలో 1,250 రూపాయల దాకా, మాన్‌శాంటో భాగస్వామ్య సంస్థ మహికో మాన్‌శాంటో బయోటెక్‌కు టెక్నాలజీ ఫీజుగా పోయేది. 2006 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. వేరే దేశాల్లో ఇదే టెక్నాలజీకి చాలా తక్కువ తీసుకుంటూ ఇక్కడ ఇంత వసూలు చేయడం అన్యాయమని వాదించింది. ఆ ఏడాది మే నెలలో కమిషన్ ప్రభుత్వం వైపు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రం పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం కోసం ప్రత్యేక చట్టమే చేసుకుంది.

రెండో రౌండ్ 2015లో మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్‌లో కేంద్రం నిత్యావసర వస్తువుల చట్టం కింద పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ఇక నుంచి ధరను దేశమంతటికీ ఢిల్లీయే నిర్ణయిస్తుంది. 2016 మార్చిలో బీజీ-2 ప్యాకెట్ ధర 800 రూపాయలుగా, అందులో టెక్నాలజీ ఫీజు 49 రూపాయలుగా ఖరారైంది. అంతకుముందు ఆ ఫీజు 163 రూపాయలు. అంటే ఒక్క సంతకంతో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువే కోత పడింది. 2018లో అది 39 రూపాయలకు, 2019లో 20కి తగ్గి, 2020లో సున్నా అయింది.

ఈ నిర్ణయాల వెనుక వ్యాపార సంఘాలు రెండుగా చీలిపోయాయి. దేశీయ విత్తన కంపెనీల బలం ఎక్కువగా ఉన్న నేషనల్ సీడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (ఎన్‌ఎస్‌ఏఐ) ఫీజు తగ్గింపును సమర్థించింది. టెక్నాలజీ కంపెనీల తరఫున మాట్లాడే బయోటెక్ పరిశ్రమ సంఘం వ్యతిరేకించింది. ధర ఇట్లా కోస్తే కొత్త పరిశోధన దేశానికి రాదని దాని వాదన. పరిశోధన మీద ఖర్చు పెట్టే కంపెనీలు, అందులో బహుళజాతి సంస్థలతో పాటు కొన్ని దేశీయ సంస్థలూ కలిసి 2016లో ఫెడరేషన్ ఆఫ్ సీడ్ ఇండస్ట్రీ ఆఫ్ ఇండియా (ఎఫ్‌ఎస్‌ఐఐ) పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఒకే పరిశ్రమ, రెండు జాతీయ సంఘాలు, రెండు వేర్వేరు వినతిపత్రాలు.

ఒత్తిడి ఎంత బలంగా పనిచేస్తుందో తెలియాలంటే 2016 మే నెల చూడాలి. మే 18న కేంద్ర వ్యవసాయ శాఖ బీటీ టెక్నాలజీ లైసెన్సుల మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అడిగిన విత్తన కంపెనీకి లైసెన్సు నిరాకరించకూడదని అందులో ఉంది. వారం కూడా తిరగలేదు. మే 24న వాటిని వెనక్కి తీసుకుని, ఇది ముసాయిదా మాత్రమే, 90 రోజుల్లో అభిప్రాయాలు చెప్పండి అంది. గెజిట్‌లో అచ్చయిన ఉత్తర్వు ఆరు రోజుల్లో ముసాయిదాగా మారిపోయింది. మరికొద్ది నెలల్లోనే మాన్‌శాంటో తన తర్వాతి తరం పత్తి విత్తనానికి పెట్టిన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. అదీ ఒక రకమైన ఒత్తిడే.

ఇదే సమయంలో కోర్టుల్లోనూ పోరు నడిచింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నూజివీడు సీడ్స్‌కు, మాన్‌శాంటోకు మధ్య పేటెంట్ కేసు ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో హైకోర్టు డివిజన్ బెంచ్ పేటెంట్ చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి కేసును మళ్లీ విచారణకు పంపింది. 2021లో రెండు పక్షాలూ రాజీకి వచ్చాయి.

మరి విత్తనం పండించిన రైతు?

ఇంత పెద్ద కథలో రెండు వైపులా ఒక మాట మాత్రం ఒకేలా వినిపించింది: "ఇది రైతు ప్రయోజనం కోసం." ఫీజు తగ్గించమన్నవారూ ఆ మాటే అన్నారు, తగ్గించొద్దన్నవారూ ఆ మాటే అన్నారు. కానీ రైతు అంటే ఎవరు? ప్యాకెట్ కొని పత్తి వేసే రైతు ఒకరు. ఆ ప్యాకెట్‌లోకి గింజను తయారు చేసే నడిగడ్డ రైతు ఇంకొకరు. ధర తగ్గితే మొదటి రైతుకు లాభం. రెండో రైతు సంగతి వేరే.

సీడ్ పత్తి సాగులో కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం తెచ్చి ఇచ్చేది ఆయనే, అప్పు ఇచ్చేది ఆయనే, పంట తీసుకెళ్లేది కూడా ఆయనే. చాలాచోట్ల రైతు చేతిలో కంపెనీ పేరుతో ఉన్న కాగితం ఉండదు. పంట తీసుకెళ్లిన తర్వాత విత్తనాన్ని జీవోటీ పరీక్షకు పంపుతారు. అంటే కొన్ని గింజలు నాటి, జన్యు స్వచ్ఛత ఉందా లేదా చూస్తారు. అందులో ఫెయిల్ అంటే రైతుకు విత్తనం రేటు రాదు. ఆ పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎవరు చూశారో రైతుకు తెలియదు. తీసుకున్న అప్పు మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. కొనే మొత్తానికి పరిమితి పెట్టడం, డబ్బు ఆలస్యం చేయడం మీద గద్వాల రైతులు ఎన్నోసార్లు రోడ్డెక్కారు.

ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్రం ఏటా ప్రకటిస్తుంది. 2020లో 730 రూపాయలు ఉన్నది 2024కు 864, 2025కు 901 అయింది. కూలీ రేట్లు, ఉత్పత్తి ఖర్చు పెరిగాయని, ధర పెంచాలని విత్తన పరిశ్రమ అడుగుతూ వచ్చింది. ఆ ఖర్చు పెరిగింది నిజమే. అయితే గమనించాల్సింది ఏమిటంటే, ప్యాకెట్ మీద ముద్రించే ధరకు గెజిట్ ఉంది. నడిగడ్డ రైతుకు ఇచ్చే సేకరణ ధరకు అట్లాంటి గెజిట్ ఏదీ లేదు. పై ధర పెరిగితే కింది ధర కూడా పెరగాలన్న షరతు ఎక్కడా రాసి లేదు. ఢిల్లీ లెక్కల్లో ఈ రైతు ఒక మనిషిగా కాదు, 'ఉత్పత్తి వ్యయం' అనే ఒక గడిగా కనిపిస్తాడు.

ఒత్తిడి రెండో వైపు నుంచి కూడా పనిచేస్తుందని చెప్పే ఉదాహరణ కూడా ఈ ప్రాంతానిదే. 2000 తర్వాత ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల సీడ్ పత్తి చేలల్లో బాలికలతో పని చేయిస్తున్న సంగతి అధ్యయనాల ద్వారా బయటికి వచ్చింది. దేశ విదేశాల్లో గొడవైంది. దాంతో అప్పటి విత్తన పరిశ్రమ సంఘం 2003 సెప్టెంబర్‌లో బాల కార్మికులను తొలగిస్తామని బహిరంగంగా మాట ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడూ రైతులు అడిగిన ప్రశ్న ఒక్కటే: పెద్దవాళ్లను కూలికి పెట్టుకోవాలంటే మీరిచ్చే సేకరణ ధర సరిపోతుందా?

నాగర్‌కర్నూల్ పత్తి, వనపర్తి పల్లి

ఇది విత్తనాలతో ఆగే కథ కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో వానాకాలం పత్తి ముఖ్యమైన పంట. విదేశీ పత్తి దిగుమతి మీద 2021 బడ్జెట్ నుంచి 11 శాతం సుంకం ఉంది. దీన్ని తీసేయాలని కాన్ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ టెక్స్‌టైల్ ఇండస్ట్రీ (సీఐటీఐ) లాంటి సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ముడిసరుకు ఖరీదైతే బంగ్లాదేశ్, వియత్నాంలతో పోటీ పడలేమని, లక్షల మంది కార్మికుల ఉపాధి పోతుందని వాటి మాట. 2022లో కొన్ని నెలలు సుంకం మినహాయించారు. 2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాలు పెంచిన సమయంలో, ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 వరకు మళ్లీ ఎత్తేశారు. పది రోజులు గడవకముందే దాన్ని డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మిల్లులకు అది ఊరట. రైతుకు మాత్రం అది పత్తి ఏరి మార్కెట్‌కు తెచ్చే సరిగ్గా అదే సీజన్. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉన్నా, తేమ ఎక్కువుందని సీసీఐ కేంద్రంలో వెనక్కి పంపితే రైతు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇవ్వాలి. ఆ రేటు మీద దిగుమతి పత్తి నీడ పడుతుంది.

వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి వైపు యాసంగిలో పల్లి వేస్తారు. ఇక్కడ మాట్లాడేది సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా లాంటి నూనె పరిశ్రమ సంఘాలు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి, రిఫైన్డ్ నూనెల మీద 13.75 నుంచి 35.75 శాతానికి పెంచింది. నూనె గింజల రైతుకు ఇది మంచిదే. కానీ రెండింటి మధ్య తేడా చాలడం లేదని, బయటి నుంచి రిఫైన్డ్ నూనె వచ్చి పడుతోందని, ఇక్కడి రిఫైనరీలు ఖాళీగా ఉంటున్నాయని పరిశ్రమ వాదించింది. 2025 మే చివర్లో ముడి నూనెల సుంకం 16.5 శాతానికి తగ్గింది. రిఫైన్డ్ మీద 35.75 అట్లాగే ఉంది. తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. రిఫైనరీకి లాభం, నూనె కొనే ఇంటికి కొంత ఊరట. ముడి నూనె చౌకగా వస్తే పల్లి రైతు మీద ఏం ప్రభావం పడుతుందన్నది ఆ చర్చలో చివరి వరుసలో నిలబడింది.

ఈ వాదనల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. మిల్లు కార్మికుడి ఉద్యోగం నిజం, నూనె ధర మండిపోతే పేద ఇంటి వంటగదికి కష్టమన్నదీ నిజం. పరిశోధనకు డబ్బు కావాలన్నదీ నిజమే. చిక్కు ఏమిటంటే, టేబుల్ మీదికి ఎవరి నిజం ముందు వచ్చింది అన్నదాన్ని బట్టి నిర్ణయం ఒక వైపు వాలుతుంది.

సంఘం మాట ఎందుకు చెల్లుతుంది?

మొదటి కారణం లెక్కలు. ప్రభుత్వానికి సమాచారం కావాలి. ఎంత స్టాక్ ఉంది, ఎంత దిగుమతి అయింది, ఖర్చు ఎంత అన్న అంకెలు సంఘం దగ్గర సిద్ధంగా ఉంటాయి. రెండోది స్థిరత్వం. ఢిల్లీలో ఆఫీసు, అక్కడే ఉండే సిబ్బంది, లాయర్లు ఉంటారు. మంత్రి మారినా వాళ్లు మారరు. మూడోది ముసుగు. ఒక కంపెనీ వెళ్లి అడిగితే స్వార్థం అంటారు. అదే మాట సంఘం అడిగితే 'పరిశ్రమ అభిప్రాయం' అవుతుంది. నాలుగోది ఎన్నికల డబ్బు. కంపెనీలు పార్టీలకు విరాళాలు ఇవ్వడం చట్టబద్ధమే. అయితే ఎవరు ఎవరికి ఇచ్చారో తెలియకుండా దాచిన ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఓటరుకు ఆ విషయం తెలుసుకునే హక్కు ఉందని స్పష్టం చేసింది.

అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, దేని కోసం ఎంత ఖర్చు పెట్టారో చెప్పాలి. 2012లో వాల్‌మార్ట్ అక్కడ ఇచ్చిన వివరాల్లో భారత మార్కెట్ ప్రస్తావన ఉండటంతోనే మన పార్లమెంటులో దుమారం లేచింది. అంటే మన గురించిన సంగతి మనకు అమెరికా కాగితాల నుంచి తెలిసింది. మన దేశంలో అట్లాంటి చట్టం లేదు. 2013లో ఎంపీ కళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాల వెల్లడి కోసం ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ముందున్న పరీక్ష: విత్తన బిల్లు

ఇప్పుడు మన మూడు జిల్లాలకు అసలు విషయం విత్తన చట్టం. 1966 నాటి విత్తన చట్టమే ఇంకా నడుస్తోంది. 2004లో కొత్త బిల్లు వచ్చి ఆగిపోయింది. 2019లో మళ్లీ ముసాయిదా వచ్చింది. 2025 నవంబర్‌లో కేంద్రం తాజా ముసాయిదాను విడుదల చేసి డిసెంబర్ 11 వరకు అభిప్రాయాలు అడిగింది. కంపెనీల సంఘాలకు లైసెన్సుల సులభతరం, రాష్ట్రాల అడ్డంకులు లేని ఒకే దేశవ్యాప్త విధానం కావాలి. రైతు సంఘాలకు నకిలీ విత్తనంతో నష్టపోతే త్వరగా పరిహారం, ధర మీద నియంత్రణ, రాష్ట్రాలకు అధికారం కావాలి. గద్వాల సీడ్ రైతుకు వీటితో పాటు ఇంకొకటి కావాలి: కంపెనీ నేరుగా సంతకం పెట్టిన ఒప్పందం, పారదర్శకమైన జీవోటీ పరీక్ష. విత్తనం కొనే రైతు గురించి అందరూ మాట్లాడుతుంటే, విత్తనం పండించే రైతు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2025లో ములుగు జిల్లాలో మొక్కజొన్న సీడ్ వేసి నష్టపోయిన రైతులకు రాష్ట్ర వ్యవసాయ కమిషన్ జోక్యంతో కంపెనీల నుంచి పరిహారం వచ్చింది. గట్టిగా అడిగితే వస్తుందని అది చూపించింది. కానీ ప్రతిసారీ కమిషన్ దిగి రావాలంటే కుదరదు, చట్టంలోనే ఉండాలి.

రైతు చేయగలిగింది లేదా అంటే ఉంది. 2014లో కేంద్రం తెచ్చుకున్న విధానం ప్రకారం బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలి. ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. బిల్లు పార్లమెంటరీ కమిటీకి వెళ్తే అక్కడా లిఖితపూర్వకంగా చెప్పవచ్చు. ఏ సంఘం ఏం అడిగిందో సమాచార హక్కు కింద అడగవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ ఊళ్లలో క్రాసింగ్ కూలీకి ఎంత అయింది, ఎకరాకు ఎంత దిగుబడి వచ్చింది, ఎంత డబ్బు ఎన్ని నెలలకు వచ్చింది అన్న లెక్క రాసి పెట్టుకుంటే, అది ఏ పరిశ్రమ నివేదికకూ తీసిపోదు. 2020లో వ్యవసాయ చట్టాలను పెద్ద వ్యాపార సంఘాలు స్వాగతించాయి. ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 నవంబర్ 29న పార్లమెంటు వాటిని రద్దు చేసింది. సంఖ్యాబలం కూడా పనిచేస్తుంది, కాకపోతే దాని ఖరీదు ఎక్కువ.

గద్వాల, అలంపూర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ ఏడూ కలిసి ఒకే నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గం. సీడ్ పత్తి రైతుదీ, పల్లి రైతుదీ, పత్తి రైతుదీ ఒకటే ఎంపీ సీటు. విత్తన బిల్లు సభకు వచ్చిన రోజున ఎన్‌ఎస్‌ఏఐ అభిప్రాయం ఏమిటో, ఎఫ్‌ఎస్‌ఐఐ అభిప్రాయం ఏమిటో ప్రతి ఎంపీ టేబుల్ మీద కాగితం ఉంటుంది. నడిగడ్డ సీడ్ రైతు కాగితం కూడా ఆ పక్కన ఉండాలంటే, అది ఇక్కడి నుంచే వెళ్లాలి.